మీ ప్రశ్నలు – మా జవాబులు: మిద్దె మీద నుంచి నక్షత్ర గ్రహణాలు

గత సంచికలో ఆల్గాల్ నక్షత్రం మూడు రోజులకొకసారి మసకబారుతుందని నాలుగు వాక్యాలు రాశాము. ఆ నాలుగు వాక్యాలకు తిరుపతి, చిత్తూరు వైపుల నుంచి వచ్చిన ఉత్తరాలు మేము ఊహించినదానికంటే చాలా ఎక్కువ. ఒకే విషయం అడిగినవాటిని కలిపి, ఈ నెల శీర్షిక మొత్తాన్ని వాటికే ఇస్తున్నాము.

ప్రశ్న: మాది తిరుపతి. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నా దగ్గర 10×50 బైనాక్యులర్ తప్ప వేరే పరికరం లేదు. ఒక నక్షత్రం ఇంకొక నక్షత్రాన్ని కప్పడం దానితో కనిపిస్తుందా?

జవాబు: కప్పడం కనిపించదు, కప్పిన ఫలితం మాత్రం కనిపిస్తుంది. ఈ జంటల్లో రెండు నక్షత్రాలు ఎంత దగ్గరగా ఉంటాయంటే, ఎంత పెద్ద టెలిస్కోపుకు కన్ను ఆనించి చూసినా అవి ఒక్క చుక్కగానే అగుపిస్తాయి. వాటి కక్ష్యను మనం పక్క నుంచి చూస్తున్నాము కనుక ఒకటి రెండోదానికి అడ్డు వచ్చినప్పుడల్లా ఆ చుక్క వెలుగు తగ్గి, కొన్ని గంటల్లో మళ్లీ మామూలు స్థితికి వస్తుంది. గ్రహణ జంట తారలని వీటిని పిలిచేది అందుకే. ఆల్గాల్ విషయానికి వస్తే మీకు బైనాక్యులర్ కూడా అక్కరలేదు. అది మామూలుగా 2.1 మాగ్నిట్యూడ్‌తో (నక్షత్రాల వెలుగును చెప్పే అంకె ఇది) వెలుగుతూ, గ్రహణం నడిమికి 3.4కు దిగుతుంది, అంటే వెలుగు మూడో వంతుకు పడిపోతుంది. ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుందన్న సంగతి మరచిపోకండి.

దాన్ని గుర్తుపట్టడానికి కృత్తికల దగ్గర మొదలుపెట్టండి. కృత్తికల నుంచి ఉత్తరానికి, కాస్త పడమరకు జరుగుతూ, చాచిన చేతి జానెడంత దూరం వెళితే ఆల్గాల్ తగులుతుంది. జనవరి నెల నడుమ రాత్రి ఏడున్నర ప్రాంతంలో తిరుపతి మిద్దెల మీద నుంచి శేషాచలం కొండల వైపు తిరిగి తలెత్తితే, అది దాదాపు 60 డిగ్రీల ఎత్తున ఉంటుంది. పుస్తకాలు సాధారణంగా అక్టోబరు, నవంబరు నెలలను దీనికి అనువైన కాలంగా చెబుతాయి. ఆ పుస్తకాలు రాసినవారికి మన ఈశాన్య రుతుపవనాల సంగతి పట్టదు. మన జిల్లాల్లో డిసెంబరు దాకా ఆకాశాన్ని నమ్ముకోవడం కష్టం, కాబట్టి సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి ఫిబ్రవరి చివరి దాకా చూడడం మేలు.

ఆల్గాల్ ఆవృత్తి కాలం 2 రోజుల 20 గంటల 49 నిమిషాలు. మూడు రోజులకు ఇది 3 గంటల 11 నిమిషాలు తక్కువ. సోమవారం రాత్రి పదకొండున్నరకు నక్షత్రం బాగా మసకబారితే, తర్వాతిసారి గురువారం రాత్రి ఎనిమిదీ ఇరవైకి మసకబారుతుంది. ఆ తర్వాతిది ఆదివారం సాయంత్రం ఎండ ఉండగానే జరిగిపోతుంది. మీకు ప్రతి ఇరవై రోజుల్లో రెండు మూడు రాత్రులు మాత్రమే చిక్కుతాయన్నమాట, అందులో ఒకటి మబ్బుకు పోయినా ఆశ్చర్యం లేదు. గ్రహణం మొత్తం సుమారు పది గంటలు నడుస్తుంది కనుక అంతా చూడాలని పట్టుబట్టనక్కరలేదు. నడిమి సమయానికి అటు రెండున్నర గంటలు, ఇటు రెండున్నర గంటలు పావుగంటకొకసారి చూసి రాసుకుంటే సరిపోతుంది.

ఇదొక్కటే కాదు. రోహిణి ఉన్న వి ఆకారపు గుంపు మొన నైరుతి వైపు చూపే చోట లాంబ్డా టారి అనే ఇంకొక గ్రహణ జంట ఉంది. అది 3.4 నుంచి 3.9 దాకా మారుతుంది. దాని ఆవృత్తి నాలుగు రోజులకు ఒక గంటా ఎనిమిది నిమిషాలు తక్కువ, కాబట్టి ఒకసారి రాత్రి పన్నెండుకు దొరికితే నాలుగేసి రోజులకొకసారి గంట చొప్పున ముందుకు జరుగుతూ రెండు మూడు వారాలు వరుసగా మీకు అందుబాటులో ఉంటుంది. పైగా మన అక్షాంశానికి అది దాదాపు నడినెత్తికి వస్తుంది. వేసవిలో మీ బైనాక్యులర్‌కు పని చెప్పేది తులా రాశిలోని డెల్టా లైబ్రా. దాని వెలుగు 4.9 నుంచి 5.9 దాకా దిగుతుంది, మూడు ఆవృత్తులు కలిస్తే ఒక వారానికి 26 నిమిషాలు తక్కువ. ఈ శనివారం గ్రహణం చూస్తే, వచ్చే శనివారం దాదాపు అదే వేళకు మళ్లీ చూడవచ్చు. ఉద్యోగస్తులకు ఇంత అనుకూలమైన నక్షత్రం ఇంకొకటి లేదని మా అభిప్రాయం.

ప్రశ్న: నేను చిత్తూరులో ఉపాధ్యాయినిని. జనవరిలో పిల్లలతో కలిసి ఆల్గాల్‌ను రెండు రాత్రులు చూశాము. మేము రాసుకున్న వేళకూ, ముందే లెక్కగట్టి ఇచ్చిన వేళకూ ఇరవై నిమిషాలకు పైగా తేడా వచ్చింది. తప్పు మా కళ్లదా, లెక్కదా? లెక్కలో ఇచ్చిన వేళనే పిల్లల చేత రాయించమని ఒక సహోద్యోగి సలహా ఇచ్చారు.

జవాబు: ఆ సలహాను మాత్రం పాటించకండి. ఈ పనిలో మీరు చూసి రాసిన వేళకు తప్ప మరి దేనికీ విలువ లేదు. ముందే లెక్కగట్టిన వేళ అందరి దగ్గరా ఉంది, దాన్ని మళ్లీ రాసి పంపడం వల్ల ఎవరికీ కొత్తగా తెలిసేదేమీ ఉండదు. ఇరవై నిమిషాల తేడా ఎక్కడి నుంచి వచ్చిందో విడదీసి చూద్దాం.

మొదట, మీరు వెలుగును ఎలా అంచనా వేశారన్నది చూసుకోండి. చర నక్షత్రానికంటే, అంటే వెలుగు మారే నక్షత్రానికంటే, కాస్త ఎక్కువ వెలుగున్న తారనొకదాన్నీ, కాస్త తక్కువ వెలుగున్న దానినొకదాన్నీ ఎంచుకొని, రెండింటి మధ్య ఇది ఎక్కడ నిలుస్తుందో చెప్పడమే పద్ధతి. ఆల్గాల్‌కు ఒక పక్క 2.9 వెలుగున్న ఎప్సిలాన్ పెర్సీ, ఇంకొక పక్క 3.8 వెలుగున్న కప్పా పెర్సీ ఉన్నాయి. ఆల్గాల్ వెలుగు ఎప్సిలాన్ నుంచి కప్పా వైపు మూడో వంతు దూరంలో ఉందనిపిస్తే దాని విలువ 3.2 అవుతుంది. గ్రహణం లేనప్పుడు పోల్చడానికి ఆండ్రోమెడాలోని గామా, 2.1 వెలుగుతో, సరిగ్గా సరిపోతుంది. ఆల్గాల్ పక్కనే ఉన్న ఎర్రని రో పెర్సీతో మాత్రం పోల్చవద్దు, ఎందుకంటే అదే స్వయంగా చర నక్షత్రం. కొత్తవారిలో చాలామంది దగ్గరగా ఉందని దాన్నే పట్టుకుంటారు. మారే తక్కెడరాయితో సరుకు తూచినట్టుంటుంది ఆ పని. ఎర్రని తారను రెప్ప వేయకుండా చూసేకొద్దీ కంటికి అది మరింత వెలుగుగా తోస్తుందన్నది ఇంకొక చిక్కు. అందుకే వేటినైనా చూపు నిలపకుండా, ఒకదాని నుంచి ఒకదానికి మార్చి మార్చి చూడాలి.

రెండవది ఎత్తు. దిగంతానికి దగ్గరగా ఉన్న తార వెలుగును గాలి, దుమ్ము ఎక్కువగా మింగేస్తాయి. రాత్రి గడిచి ఆల్గాల్ పడమటికి వాలుతున్నప్పుడు, పోలిక తార ఇంకా పైన ఉంటే, గ్రహణం విడుస్తున్నా విడవనట్టే కనిపించి, మీ నడిమి వేళ ఆలస్యంగా తేలుతుంది. పోలిక తారను వీలైనంతవరకు అదే ఎత్తులో ఎంచుకోవాలి.

మూడవది గడియారం లెక్క. ముందస్తు లెక్కలు సాధారణంగా ప్రపంచ ప్రామాణిక కాలంలో ఇస్తారు, దానికి మనం అయిదున్నర గంటలు కలపాలి. ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పక తప్పదు. చాలా ఏళ్ల క్రితం, నవంబరు చివర వాన తెరిపి ఇచ్చిన ఒక రాత్రి, పట్టికలో 20 గంటల 40 నిమిషాలని ఉంటే దాన్ని మన కాలమే అనుకొని ఏడింటికే మిద్దె ఎక్కాను. పావుగంటకొకసారి నోటుపుస్తకంలో రాసిన అంకెలు చక్కగా దిగుతూ వచ్చాయి, ఎనిమిదీ నలభైకి అడుగుకు చేరాయి, పదిన్నర దాకా మళ్లీ లేచాయి. సంతోషంగా వెళ్లి పడుకున్నాను. మరునాడు తప్పు తెలిసింది: అసలు గ్రహణం నడిమి వేళ మన కాలంలో రాత్రి 2 గంటల 10 నిమిషాలు. నేను మసకబారిందని రాసిన గంటల్లో అది నిండు వెలుగుతో తూర్పు నుంచి పైకి లేస్తోంది, తిరిగి వెలుగు పుంజుకుందని రాసిన వేళకు గ్రహణం అప్పుడే మొదలై నెమ్మదిగా తగ్గుతోంది. నా కన్ను చూడనిదాన్ని నా బుద్ధి చూసింది. ఆ నోటుపుస్తకం ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. మీరు పిల్లల చేత చూయించేటప్పుడు నడిమి వేళ ఎంతో వారికి చెప్పకండి. వీలైతే ఒక్కొక్కరి చేత విడిగా, పక్కవారి కాగితం చూడకుండా రాయించండి.

నాలుగవది, చాలామందికి తెలియనిది. పట్టికల్లోని వేళ సూర్యుని దగ్గర నిలబడి చూసినట్టు లెక్కగట్టినదై ఉంటుంది. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతూ ఒకప్పుడు ఆ నక్షత్రం వైపు, ఒకప్పుడు దానికి ఎడంగా ఉంటుంది. సూర్యుని నుంచి మనకు వెలుగు రావడానికి 8 నిమిషాల 19 సెకన్లు పడుతుంది కదా; ఆల్గాల్ విషయంలో నవంబరులో మనకు గ్రహణం సుమారు ఏడున్నర నిమిషాలు ముందుగా కనిపిస్తుంది, ఫిబ్రవరి నడుమకు ఆ తేడా దాదాపు పోతుంది. మీ జనవరి పరిశీలనకు ఇందువల్ల వచ్చే తేడా నాలుగైదు నిమిషాల లోపే.

ఇవన్నీ సరిచూసుకున్నాక కూడా తేడా మిగిలితే అప్పుడు లెక్కను అనుమానించవచ్చు, అసలు రసం అక్కడే ఉంది. ఆవృత్తి కాలంలో ఒక్క సెకను పొరపాటు ఉన్నా, ఆల్గాల్ ఏడాదికి 127 సార్లు తిరుగుతుంది కాబట్టి పదేళ్లలో అది ఇరవై ఒక్క నిమిషాలకు పెరుగుతుంది. పైగా ఆవృత్తి కాలం స్థిరంగానూ ఉండదు. ఆల్గాల్‌లో ఎక్కువ బరువున్న తెల్లని నక్షత్రం ఇంకా యవ్వనంలోనే ఉంటే, తక్కువ బరువున్న తోడు నక్షత్రం ముదిరి ఉబ్బిపోయింది. బరువైన నక్షత్రమే ముందుగా ముదరాలి కనుక ఇది చాలాకాలం చిక్కుముడిగా ఉండిపోయింది. తోడు నక్షత్రమే ఒకప్పుడు బరువైనదని, ఉబ్బిన తర్వాత తన పదార్థాన్ని రెండోదానికి ధారపోసిందని ఇప్పుడు అర్థం చేసుకుంటున్నారు. ఇటువంటి జంటల్లో పదార్థం అటూ ఇటూ మారితే తిరిగే వేగం మారుతుంది, మూడో నక్షత్రం ఉన్నా వేళలు ముందు వెనుకలవుతాయి. ఆల్గాల్‌కు 680 రోజులకొకసారి చుట్టి వచ్చే మూడో తోడు కూడా ఉంది. చూసిన వేళలో నుంచి లెక్కగట్టిన వేళను తీసివేసి, ఆ తేడాలను ఏళ్ల తరబడి గ్రాఫు మీద పెడితే ఈ కథ అంతా వంకర గీతగా బయటపడుతుంది. ఆ గీతకు మీ పిల్లల చుక్క కూడా పనికివస్తుంది, అది నిజాయితీగా పెట్టినదైతే.

నడిమి వేళను తేల్చడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. గ్రాఫు కాగితం మీద వేళలను అడ్డంగా, వెలుగులను నిలువుగా గుర్తించి, దాని మీద ట్రేసింగ్ కాగితం పరచి చుక్కలు దించుకోండి. ఆ కాగితాన్ని కుడి ఎడమలుగా తిరగేసి, దిగే వైపు చుక్కలు లేచే వైపు చుక్కల మీద చక్కగా కూర్చునేదాకా జరపండి. అద్దంలోని బొమ్మ అసలు బొమ్మతో కలిసిన గీతే నడిమి వేళ. తొమ్మిదో తరగతి పిల్లలు అరగంటలో చేస్తారు. తేదీలకు జూలియన్ రోజుల లెక్క వాడండి, అంటే నెలలు, సంవత్సరాలు లేకుండా రోజులను వరుస అంకెలతో లెక్కపెట్టే పద్ధతి. అందులో రోజు మారేది మనకు సాయంత్రం 5:30కు కనుక రాత్రి పన్నెండుకు తేదీ మార్చే బెడద ఉండదు, ఒక రాత్రి పని అంతా ఒకే అంకె కింద ఉంటుంది. 2023 ఫిబ్రవరి 24 సాయంత్రం అయిదున్నరకు 24,60,000వ రోజు మొదలైంది. అక్కడి నుంచి లెక్కపెట్టుకోవచ్చు.

ప్రశ్న: మా అవ్వకు ఈ సంగతి చెబితే, నక్షత్రానికి గ్రహణం పట్టినప్పుడు కూడా పట్టు స్నానం, విడుపు స్నానం చేయాలా అని అడుగుతోంది. ఏమని చెప్పమంటారు? – ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: సూర్యచంద్రుల గ్రహణాలకు తిరుమలలో తలుపులు మూసినా మీ ఊరి గుడి తెరిచే ఉంటుంది కదా, అవ్వగారికి మీ ఊరి పద్ధతినే గుర్తుచేయండి. ఆల్గాల్‌కు ఏడాదికి నూట ఇరవై ఏడు గ్రహణాలు. అన్నింటికీ స్నానాలంటే జనవరి చలిలో మిద్దె మీద కూర్చునే మనవడికి జలుబు తప్పదు.

ప్రశ్న: నా దగ్గర పెళ్లిళ్లకు వాడే డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా, 50 మి.మీ. లెన్సు ఉన్నాయి. కంటి అంచనాకంటే దీనితో కచ్చితత్వం పెరుగుతుందా? – మదనపల్లె

జవాబు: పెరుగుతుంది. కంటితో పదో వంతు మాగ్నిట్యూడ్ వరకు పట్టుకుంటే మంచి పరిశీలకుడే అంటారు, మీ కెమెరాతో రెండు మూడు వందో వంతుల దాకా వెళ్లవచ్చు. అయితే పెళ్లి ఫొటోలు తీసే అలవాట్లలో కొన్నింటిని పక్కన పెట్టాలి. జేపెగ్ పనికిరాదు, రా ఫైళ్లే కావాలి. ఎందుకంటే జేపెగ్‌లో కెమెరా వెలుగులను కంటికి ఇంపుగా దిద్దుతుంది, ఆ దిద్దుబాటులో కొలత పోతుంది. ఫోకస్ సూటిగా పెట్టకుండా కావాలనే కొద్దిగా చెదరగొట్టండి. సూదిమొనలాంటి చుక్క రెండు మూడు పిక్సెళ్ల మీదే పడి వాటిని నింపేస్తుంది, చెదిరిన చుక్క చాలా పిక్సెళ్ల మీద పరచుకొని కొలతకు లొంగుతుంది. 14 బిట్ల కెమెరాలో పిక్సెల్ నిండే గరిష్ఠ విలువ 16,383. మీ నక్షత్రం మధ్య భాగం పదివేలు దాటకుండా చూసుకోండి. స్టాండు కదలకుండా పెట్టి, ఐఎస్‌ఓ 400 దగ్గర అయిదు నుంచి పది సెకన్ల ఫొటోలు పది తీసి, వాటిని సాఫ్ట్‌వేర్‌లో కలిపి ఒక కొలతగా లెక్కించండి. మరీ తక్కువ సెకన్లు ఇస్తే నక్షత్రం మిణుకుమనడమే కొలతలోకి వచ్చేస్తుంది. లెన్సు మూత వేసి అన్నే సెకన్లతో తీసిన ఫొటోలు, సమంగా వెలిగే తెల్లని తెర ముందు తీసిన ఫొటోలు కూడా కావాలి. మొదటివి కెమెరా లోపలి వేడి వల్ల వచ్చే దోషాన్ని, రెండోవి లెన్సు అంచుల్లో వెలుగు తగ్గే దోషాన్ని తీసేస్తాయి. కొలతకు పచ్చ రంగు పిక్సెళ్లను మాత్రమే తీసుకోండి, అవి ఖగోళశాస్త్రంలో వి బ్యాండ్ అని వాడే కొలతకు దగ్గరగా ఉంటాయి. సిరిల్, మ్యూనివిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఈ పనికి చాలు.

అన్నిటికంటే ముఖ్యం, మారని తారలను రెండింటినైనా కొలిచి, ఒకదానితో ఒకటి పోల్చి చూసుకోవడం. వాటి మధ్య తేడా రాత్రంతా స్థిరంగా ఉంటేనే మీ చర నక్షత్రం కొలతను నమ్మండి. సన్నని మబ్బు తెర వచ్చి పోయినప్పుడు మొదట బయటపడేది అక్కడే. కెమెరా గడియారాన్ని ఇంటర్నెట్ సమయంతో ప్రతి రాత్రీ సరిచేయడం మరవవద్దు. వెలుగును వందో వంతుకు కొలిచి, వేళను మూడు నిమిషాలు తప్పుగా రాసినవారిని చూశాము. హార్స్‌లీ హిల్స్ మీకు అంత దగ్గర ఉండగా మదనపల్లె దీపాల మధ్య కూర్చోవడం ఎందుకన్నది మాత్రం మా ప్రశ్న.

ప్రశ్న: కావలూరులో అంత పెద్ద టెలిస్కోపులు ఉండగా మన చిన్న పరికరాలతో చేసేది శాస్త్రానికి నిజంగా పనికివస్తుందా? – చిత్తూరు

జవాబు: కావలూరులోని వేణు బాప్పు టెలిస్కోపు 2.34 మీటర్లది, 1986 నుంచి పనిచేస్తోంది. (అది తమిళనాడులోని తిరుపత్తూరు జిల్లా, తిరుపతి అనుకొని అలిపిరి దగ్గర దారి అడిగినవారు ఉన్నారు.) అటువంటి టెలిస్కోపు మీద ఒక రాత్రి దొరకడానికి శాస్త్రవేత్తలు నెలల ముందు దరఖాస్తు చేసుకోవాలి. ఒకే నక్షత్రాన్ని ఇరవై ఏళ్లు వదలకుండా చూడడం దాని పని కాదు, ఆల్గాల్ అంతటి వెలుగు దానికి ఎక్కువ కూడాను. మన భాషా ప్రాంతంలో రంగాపురం 48 అంగుళాల టెలిస్కోపుతో ఉస్మానియా విశ్వవిద్యాలయం వారు గ్రహణ జంటల మీద ఎంతో పని చేశారు, అది వేరే రకం పని. వేళలు నమోదు చేయడం మొదటి నుంచీ ఔత్సాహికుల సొత్తు. ఆల్గాల్ క్రమం తప్పకుండా మసకబారుతుందని 1782–83లో కనిపెట్టిన జాన్ గుడ్రిక్ ఇంగ్లండులోని యార్క్‌లో ఉండేవాడు. వినికిడి లేని ఆ కుర్రవాడికి అప్పటికి పద్దెనిమిదేళ్లు. మొదట 2 రోజుల 20 గంటల 45 నిమిషాలని చెప్పి, తర్వాత దాన్ని 49 నిమిషాలకు తానే సరిదిద్దుకున్నాడు. ఇరవై ఒక్క ఏళ్లకే చనిపోయాడు. మన దేశంలో, అవిభక్త బెంగాలులోని జెస్సోరులో ఖజానా ఉద్యోగిగా ఉన్న రాధాగోవింద చంద్ర, చర నక్షత్రాల మీద 37 వేలకు పైగా పరిశీలనలను అమెరికా చర నక్షత్ర పరిశీలకుల సంఘానికి పంపాడు. 1926లో ఆ సంఘం ఆయనకు ఆరు అంగుళాల టెలిస్కోపు పంపింది. 1911లో మొదలైన ఆ సంఘం ఇప్పటికీ ఎవరి పరిశీలననైనా తీసుకుంటుంది.

ప్రశ్న: నా ఆరు అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపుతో ఒక్క రాత్రిలో పూర్తి కథ చూడగలిగే జంట ఏదైనా ఉందా? – పుత్తూరు

జవాబు: సప్తర్షి మండలం ఉన్న అర్సా మేజర్‌లోని డబ్ల్యూ అర్సే మేజోరిస్. అందులో రెండు నక్షత్రాలు ఒకదానికొకటి తాకుతూ, ఒకే వాయు పొరను పంచుకొని తిరుగుతాయి, ఆవృత్తి ఎనిమిది గంటలు. వెలుగు 7.75 నుంచి 8.48 దాకా ఎప్పుడూ మారుతూనే ఉంటుంది, నాలుగు గంటలకొకసారి ఒక అడుగు, అంటే వెలుగు బాగా తగ్గిన స్థితి, తగులుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మీ ఊరి నుంచి అది ఉత్తరాన 47 డిగ్రీల దాకా లేస్తుంది. రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టి రెండు దాకా పది నిమిషాలకొకసారి చూస్తే కనీసం ఒక అడుగు, అదృష్టం ఉంటే రెండు మీ నోటుపుస్తకంలోకి వస్తాయి. ఆ ప్రాంతపు నక్షత్ర పటం ముందుగానే అచ్చు తీసుకొని, అందులో పోలిక తారల విలువలు చూసుకోండి. టెలిస్కోపులో ఆకాశం తలకిందులుగా కనిపిస్తుంది కాబట్టి పటాన్ని కూడా తలకిందులు చేసి పట్టుకోండి. చదవడానికి ఎర్రని దీపం వాడండి, ఫోనును కిందనే వదిలి రండి. ఒంటిగంట దాటాక మంచు పడి అద్దం చెమరిస్తే బట్టతో తుడవవద్దు, మూత పెట్టి పావుగంట ఆగండి. ఆ పావుగంట చూడలేదని కూడా పుస్తకంలో రాయండి.